పగలకుండా తెచ్చిన పొక్కు

పరీక్ష చెయ్యకుండానే ఆవిడ ఒంటి మీది పొక్కులకి పేరు పెట్టేశారు. పేరు పెట్టి పొయ్యి దగ్గర్నించి లేపేశారు. పిల్లల కంచాల దరిదాపులకి రావద్దన్నారు. ఇదేమీ అడవిలో జరగలేదు. పక్కనే కాలవ, కాలవ పక్కన తారురోడ్డు, రోడ్డెక్కి చెయ్యెత్తితే ఆగే బస్సు, ఆ బస్సు పోయే రాజమండ్రిలో వీధికో డాక్టరు. ఇన్ని ఉన్నచోటే జరిగింది.

పోయిన నెల ఆవిడ కన్నుమూసింది. జ్ఞాపకార్థ కూడికలో ఒకాయన లేచి, "అమ్మగారు ఒంట్లో బాగోక తనంతట తానే వంట మానుకున్నారు" అని చెప్పి, కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాడు. అందరూ తలలూపారు. నాకు తల ఊగలేదు. అందుకే రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఆ పేరు అప్పట్లో చాలామంది నోళ్ళలో నలిగింది, చాలు.

రావులపాలానికి ఇవతల మిషన్ వాళ్ళ ఆడపిల్లల హాస్టలు ఒకటుండేది. ఆవిడ అందులో వంటమనిషి. నేను కాలవ లస్కరుని. అంటే తూములు ఎత్తడం, దించడం, గట్టుకి గండి పడకుండా చూసుకోవడం. నా తూము దగ్గర నిలబడితే హాస్టలు వంటపాక కనిపించేది. ఐదో తరగతి తర్వాత నాకు బడి లేదు. మిగతాదంతా పంచాయతీ గ్రంథాలయంలో చదువుకున్నదే. పేపరు దగ్గర్నించి పాత వైద్యం పుస్తకం దాకా ఏదీ వదల్లేదు. ఆవిడకి అదొక వేళాకోళం.

"లస్కరన్నయ్యగారూ, మీరు చదివింది అరిగేలోపు మా పిల్లలకి అన్నం అరిగిపోద్దండి. కాస్త ఆ పుల్లలు ఇటు అందివ్వండి."

అన్నం ఉడికిందో లేదో మూత తీసి చూసేది కాదు. గుండిగకి చెవి ఒగ్గి వినేది. చెంప కాలదా అని నేనడిగితే, "ఉడకని అన్నమే అరుస్తాదండి. ఉడికాక నోరు మూసుకుంటాది. మనుషులూ అంతే గదా" అనేది. కూర రుచి చూసేది కాదు. పిల్లలకి పెట్టేముందు ఎంగిలి పడితే వాళ్ళమ్మ కలలోకొచ్చి తిడుతుందట. "ప్రభువు క్షమిస్తాడండి. మా అమ్మ క్షమించదు."

ఆదివారం పిల్లకి అరగుడ్డు. చాకు ముట్టుకునేది కాదు. దారం ఒక కొస పాక గుంజకి కట్టి, రెండో కొస వేలికి చుట్టుకుని, మధ్యలో గుడ్డు పెట్టి లాగేది. రెండు చెక్కల్లోనూ పచ్చసొన సమానంగా వచ్చేది. "చాకు పక్షపాతం చూపిస్తాది. దారానికి చుట్టాల్లేరు." పెద్దరైతు కూతురికి పెద్దముక్క వెయ్యమని వార్డెనమ్మ ఒకసారి సైగ చేస్తే, దారం ఆమె చేతిలో పెట్టి, "మీరే కొయ్యండమ్మా, మీకు చెయ్యి తిరిగినట్టుంది" అందట. ఆ తర్వాత వార్డెనమ్మ ఆదివారాలు వంటపాకలోకి రావడం మానేసింది.

అలాంటి మనిషి వర్షాకాలంలో ఒకనాడు గుండిగకి చెవి పెట్టకుండా, కుడిపక్క నడుం చేత్తో అదిమిపెట్టి నిలబడింది. నేను గట్టు మీంచి చూసి ఏంటమ్మా అన్నాను.

"నిప్పుకణిక పెట్టినట్టుందండి. పురుగు పాకినట్టుంది."

మా వైపు పొక్కు ఎక్కడ లేచినా పురుగు పాకడమే. రెండ్రోజులకి ఆ పురుగు నడుం చుట్టూ సగం దూరం పాకింది. గుత్తులు గుత్తులుగా నీటిపొక్కులు. ఊళ్ళో సూదులేసే డాక్టరు దగ్గరికెళ్ళింది. ఆయన పెద్ద చదువు చదివినవాడేం కాదు, ఒకప్పుడు కాంపౌండరు. దూరంగా నిలబడి చూసి ఒకే ఒక్క మాట అడిగాడట.

"మీ ఆయన లారీ తోలేవాడు కదమ్మా?"

తోలేవాడే. కడియం నర్సరీల నుంచి మొక్కలు ఎక్కించుకుని ఉత్తరాది దాకా పోయేవాడు. కామెర్లొచ్చి అంతకు కొన్నేళ్ళ ముందే పోయాడు. పోయినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. పొక్కులు లేచాక అందరికీ ఆ లారీ గుర్తొచ్చింది. అవి ఎయిడ్స్ పేరు చెబితే ఊళ్ళకి ఊళ్ళు వణికే రోజులు. గోడల మీద బొమ్మలు గీసి భయపెట్టడమే గానీ, ఎలా అంటుతుందో ఎలా అంటదో కూర్చోబెట్టి చెప్పిన నాథుడు లేడు. సాయంత్రానికల్లా వంటపాకలో వేరే మనిషి గరిటె తిప్పుతోంది.

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ నా చుట్టం కాదు, నాది ఆ మతమూ కాదు. అయినా హాస్టలు కమిటీ పెద్దాయన ఇంటికి పోయాను. రిటైరైన హెడ్మాస్టరు. కుర్చీ వేయించి మజ్జిగ ఇప్పించాడు. ఆ మర్యాదే నన్ను ఇంకా కాల్చింది.

"ఆవిణ్ణి మేం ఏమీ అనట్లేదండి. ఇది ఫలానా అని పెద్ద డాక్టరు చేత రాయించుకొచ్చేస్తే, రేపే వచ్చి వండుకోమనండి."

"ఒకవేళ మీరనుకుంటున్న జబ్బే అయినా, అన్నం వండితే అంటదండి. పుస్తకాల్లో ఉంది."

"పుస్తకాల్లో ఉంటుందండి. పిల్లల తల్లిదండ్రుల బుర్రల్లో ఉండాలి కదా."

సరే, ఆ కాయితమేదో తెద్దామని మర్నాడు ఆవిణ్ణి రాజమండ్రి తీసుకెళ్ళాను. చర్మం డాక్టరు నడివయసాయన, ముక్కోపి. నడుం చూడగానే సర్పి అన్నాడు. "చూస్తే సర్పే. నేను నోటితో చెబితే చాలా, రాసివ్వాలా?"

"రాసివ్వాలండి" అన్నాను.

"రాయాలంటే నా కన్ను చాలదు. స్లైడు చెప్పాలి."

సన్నని బ్లేడుతో గోకి, గాజుపలక మీద రాసి, నీలం రంగు పోసి, మైక్రోస్కోపు కింద పెట్టాడు. చాలాసేపు చూశాడు. లేచొచ్చి ఆవిడ నడుం మళ్ళీ చూశాడు.

"ఏమీ కనపడట్లేదు. కనపడదు కూడా. ఒక్క పొక్కన్నా బతికి లేదు ఇక్కడ, అన్నీ చిదిమేసి ఉన్నాయి. ఎవరు రుద్దారమ్మా దీన్ని?"

ఆవిడ కొంగు నడుం మీదికి లాక్కుంది. ఆయన చీటీ మీద, సర్పికి గుర్తయిన కణాలు కనపడలేదు, నమూనా పనికిరాదు, మళ్ళీ తియ్యాలి అని రాశాడు. మాత్రలు రాసిచ్చి ఈ రోజు నుంచే వేసుకోమన్నాడు. "కొత్త పొక్కు లేస్తే, నీళ్ళతో నిండుగా ఉండగా, పగలకుండా నా దగ్గరికి తీసుకురండి. పసరొద్దు, పౌడరొద్దు, గుడ్డ కూడా ఒరుసుకోకూడదు. ఆలస్యం చేస్తే మాత్రం ఏ మైక్రోస్కోపూ మిమ్మల్ని రక్షించదు."

బస్టాండులో కూర్చున్నాక ఆవిడ అసలు సంగతి చెప్పింది.

"సర్పి రాయించుకున్నానండి."

మా జిల్లాల్లో తెలియనివాళ్ళుండరు. సర్పి లేస్తే మంత్రం చదివి, ఎర్రమన్ను కలిపి, పొక్కుల చుట్టూ పాముబొమ్మ గీస్తారు. ఒంటి మీది పాము తలా తోకా కలిస్తే మనిషి దక్కడంటారు. అందుకని ముందే బొమ్మపాముతో దానికి అడ్డం కడతారు. ఊరి చివర ఒక ముసలాయన గీసేవాడు. పక్కింటామె బలవంతం చేస్తే, నొప్పికి ఓర్చుకోలేక, ఈవిడా వెళ్ళి గీయించుకుంది.

"గీయించుకుంటే గీయించుకున్నావు. రుద్దడం దేనికమ్మా?"

"డాక్టరు గారు చూస్తే రాజమండ్రంతా తెలిసిపోద్ది గదండీ. సంఘంలో తెలిస్తే? మంత్రగాడి దగ్గరికెళ్ళిందని బల్ల దగ్గరికి రానివ్వరు. ఇప్పుడు పొయ్యి ఒక్కటే పోయింది. అప్పుడు బల్ల కూడా పోద్ది."

ప్రభువు బల్లకి, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం అందుకునే చోటికి, దూరం చేస్తారన్న భయంతో, బయల్దేరేముందు నూతి దగ్గర కూర్చుని, కొబ్బరిపీచుతో, గుండిగలు తోమే కొబ్బరిపీచుతో, తన నడుం తాను తోముకుంది. ఎర్రమన్నుతోపాటు పొక్కులూ పోయాయి. పొక్కులతోపాటు సాక్ష్యమూ పోయింది. ఆ నొప్పికి ఎలా ఓర్చుకున్నావని అడగబోయి ఊరుకున్నాను. గుండిగకి చెంప ఆనించే మనిషి కదా.

చీటీ పెద్దాయనకి చూపించాను. మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు.

"కనపడలేదని రాశారు. అంటే సర్పి కాదన్నట్టేగా అండీ?"

"కనపడలేదంటే లేదని కాదండి బాబూ! తూము దించి ఉంటే కాలవలో నీళ్ళే లేవంటారా? కిందది చదవండి. మళ్ళీ తియ్యాలని రాశాడు."

"మళ్ళీ తీయించండి. మేం కాదన్నామా?"

ఇక ఆ కొత్త పొక్కు కోసం కాపు కాశాం. నవ్వొస్తుందేమో మీకు. రోగం తగ్గాలని ఎదురుచూసేవాళ్ళని చూశాను గానీ, ఇంకో పొక్కు లేస్తే బాగుండునని ఎదురుచూడటం అప్పుడే చూశాను. రోజూ డ్యూటీకి పోతూ ఆవిడ గుమ్మంలో సైకిలు ఆపేవాణ్ణి. "లేదండి" అనేది. మర్నాడూ "లేదండి". ఉన్నవి ఎండి పెచ్చులు కడుతున్నాయి. ఇక రాదేమో అనుకుంటుండగా ఒక పొద్దున ఆవిడే గుమ్మంలో నిలబడి ఉంది, ముఖం వెలిగిపోతోంది.

"వచ్చిందండి! వెనకాల, బొందు కట్టుకునే చోట. పక్కింటామె చూసి చెప్పింది. ముత్యంలా ఉందట!"

ఒక్కటే పొక్కు. బొందు పైకి కట్టుకుని, చీర వదులుగా చుట్టుకుని బస్సెక్కింది. కూర్చుంటే సీటుకి ఆనుతుంది. నిలబడితే జనం. పొద్దుటి బస్సు, గంపలు, కాలేజీ కుర్రాళ్ళు. నేను ఆవిడ వెనకాల అటూ ఇటూ కడ్డీలు పట్టుకుని, చేతులు చాపి నిలబడ్డాను. కండక్టరు "గురువుగారూ, దారికడ్డంగా ఏంటండీ ఆ నిలబడటం, వెనక్కి జరగండి" అన్నాడు. జరగనన్నాను. "టిక్కెట్టు ఒకటి తీసుకుని ఇద్దరి చోటు ఆక్రమిస్తే ఎలాగండీ?" అన్నాడు. ఇంకో టిక్కెట్టు కొట్టమన్నాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి పోయాడు.

జొన్నాడ వంతెన ఎక్కేటప్పుడు బస్సు ఎగిరింది. ఒక గంప వచ్చి నా మోచేతికి కొట్టుకుంది. "తగిలిందా?" అన్నాను. "లేదండి, మీరు ఊపిరి మెడ మీద వదలకండి, చక్కిలిగింతలు పుడుతున్నాయి" అంది.

అప్పుడే మా ఊరామె ఒకావిడ మమ్మల్ని చూసింది. చూసి, తన బిడ్డని గబుక్కున ఒళ్ళోకి లాక్కుని, పక్కామె చెవిలో ఏదో చెప్పింది. ఆ పక్కామె ఇంకొకరికి చెప్పింది. చూస్తుండగానే మా చుట్టూ జనం పలచబడ్డారు. అంత కిక్కిరిసిన బస్సులో ఆవిడ వెనకాల మూరెడు ఖాళీ ఏర్పడింది.

ఆవిడ తల తిప్పకుండానే, "చూశారా అన్నయ్యగారూ, వెలేసినోళ్ళే దారిస్తున్నారు" అంది.

నవ్వాను. కడియపులంక దాటుతుంటే, రోడ్డు పక్క మొక్కలెత్తుతున్న లారీల వైపు చూస్తూ ఇంకో మాట అంది. "మీకొకటి చెప్పాలి. మాత్రలు వేసుకోలేదండి."

"ఏంటీ?"

"వేసుకుంటే తగ్గిపోద్దన్నారు గదా. తగ్గిపోతే కొత్తది ఎలా లేస్తాది?"

నిర్దోషినని చెప్పుకోవడానికి మనిషి తన రోగాన్ని తానే మేపుకోవాల్సొచ్చింది.

డాక్టరు విని కేకలేశాడు. "నీకు బుద్ధుందా అమ్మా? ఈ నొప్పి నరాల్లో పాతుకుంటే జన్మంతా వదలదు, తెలుసా?" తిడుతూనే పడుకోబెట్టి, పొక్కు పైపొర బ్లేడుతో ఎత్తి, అడుగు గోకి, రెండు గాజుపలకల మీద రాశాడు. ఒకటి ఆరబెట్టి రంగు పోసి చూశాడు. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు.

"రండి, మీరూ చూడండి."

కన్ను పెట్టాను. నీలం మరకల మధ్య ఒక పెద్ద కణం. దాని లోపల ఒకటుండాల్సిన కేంద్రకాలు గుంపుగా, రేవులో పడవలు ఒకదానికొకటి ఒరుసుకున్నట్టు, ఇరుక్కుని ఉన్నాయి.

"హెర్పిస్ జాతి వైరసుల పని ఇది" అన్నాడు. "కానీ ఒక చిక్కుంది. చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చి, నరాల్లో దాక్కుని, ఏళ్ళ తర్వాత సర్పిగా లేచేది ఆ జాతిలో ఒకటి. పెదాల మీదా మర్మస్థానాల్లోనూ పొక్కులు తెచ్చేవి వేరే. ఈ స్లైడు ఇంటిపేరు చెబుతుంది, సొంతపేరు చెప్పదు. మీ ఊరివాళ్ళ సంగతి చూస్తే ఇంటిపేరు పట్టుకునే యాగీ చేసేలా ఉన్నారు. రెండో స్లైడు మద్రాసు పంపుతాను. ఏ వైరసుకి ఆ వైరసుకే అంటుకుని మెరిసే మందులుంటాయి అక్కడి ల్యాబులో. సొంతపేరు వాళ్ళు చెబుతారు."

తర్వాత గొంతు తగ్గించి, వాళ్ళు భయపడుతున్న జబ్బుకి రక్తపరీక్ష వేరే ఉందనీ, సర్పి వచ్చినవాళ్ళందరికీ అది ఉన్నట్టు కాదనీ, అయినా తెలుసుకోవడం ఆవిడకే మంచిదనీ, అడిగే హక్కు మాత్రం కమిటీకి లేదనీ చెప్పాడు.

ఆవిడ చెయ్యి చాపింది. "తియ్యండి బాబూ. కానీ ఆ కాయితం నాది."

ఆ కాయితంలో ఏముందో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

మద్రాసు నుంచి జవాబు వచ్చేదాకా ఆవిడ ఇల్లు కదల్లేదు. గుమ్మం ముందు కూర్చుని హాస్టలు పొయ్యి పొగ చూస్తూ, "పుల్లలు పచ్చివి పెట్టారు" అని గొణుక్కునేది. ఒక మధ్యాహ్నం, "ఆ పిల్ల గంజి వార్చేసిందండి, ఇక్కడికే వాసనొస్తోంది. ఇక పిల్లలకి బలమేముంటాది?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తన నొప్పికి ఏడవగా నేను చూడలేదు.

జవాబొచ్చింది. ఆటలమ్మ తెచ్చే వైరసే. సర్పే. డాక్టరు సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాడు. నేను చదివి వినిపిస్తే ఆవిడ పకపకా నవ్వింది.

"ఆటలమ్మా? నాకు చిన్నప్పుడొస్తే మా నాయనమ్మ వేపాకుల స్నానం చేయించి సాగనంపిందే! ఇన్నేళ్ళూ నా నడుంలోనే కాపురముందా? అద్దె వసూలు చేసుకోవాల్సింది!"

ఆ సాయంత్రమే ఉతికిన చీర కట్టుకుని, జుట్టు ముడేసుకుని సిద్ధమైంది. నేను కాయితం తీసుకెళ్ళి పెద్దాయన చేతిలో పెట్టాను. చదివాడు. ఈసారి చివరిదాకా చదివాడు. "మంచిదండి. కమిటీలో పెడతాం" అన్నాడు.

పెట్టారో లేదో నాకు తెలీదు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి గేటు దగ్గర పెద్దాయన కోసం సైకిలు వేసుకుని నిలబడేవాణ్ణి. "ఇంకా కూర్చోలేదండి." "పరీక్షలైపోనివ్వండి." "కొత్త వార్డెన్ని రానివ్వండి." తర్వాత పక్కగేటులోంచి పోవడం మొదలెట్టాడు. పొక్కులు మానిపోయాయి, మచ్చలు తేలాయి. పిలుపు రాలేదు.

చివరికి ఆవిడ కడియం వెళ్ళిపోయింది. నర్సరీల్లో అంట్లు కట్టే కూలీలకి, లారీల వాళ్ళకి రేకుల పాకలో వండిపెట్టేది. నేను అప్పుడప్పుడూ వెళ్ళి తినేవాణ్ణి. గుండిగకి చెవి పెట్టడం మానలేదు. కానీ డాక్టరు చెప్పినంతా అయింది. ఆ నొప్పి ఆవిణ్ణి వదల్లేదు. వడ్డిస్తూ వడ్డిస్తూ చటుక్కున ఆగిపోయి, కుడి నడుం మీద అరచెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, అది దాటిపోయేదాకా నిలబడేది. కూలీలకి అలవాటే. ఎవరూ తొందరపెట్టేవారు కాదు. కళ్ళు తెరిచి, "ఎవరికండీ చారు?" అనేది.

"కమిటీ మీద కలెక్టరుకి అర్జీ పెడతాను" అన్నాను ఒకసారి.

"పెట్టండి. నేను మాత్రం సంతకం పెట్టను. అర్జీకి బెదిరి పిలిస్తే ఆ పొయ్యి దగ్గర నాకు చెయ్యాడదండి. వాళ్ళకై వాళ్ళు పిలవాలి."

వాళ్ళకై వాళ్ళు పిలుస్తారని చివరిదాకా అనుకుందో లేదో చెప్పలేను. ఎవరైనా హాస్టలు వైపు నుంచి వస్తే మాత్రం, ఇప్పుడు ఎవరు వండుతున్నారని అడగకుండా ఉండేది కాదు.

మొన్న కూడికలో అబద్ధం చెప్పి కళ్ళజోడు తుడుచుకున్నది ఆ పెద్దాయనే. అందరూ భోజనాలకి లేచాక వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. బాగా వంగిపోయాడు, చేతికర్ర వచ్చింది. ఈసారి పక్కగేటు లేదు.

"మీరడిగిన కాయితం తెచ్చాం. మీరడిగినట్టే తెచ్చాం. అది చదివాక కూడా ఆవిణ్ణి ఎందుకు పిలవలేదండీ?" అన్నాను.

మళ్ళీ ఏదో వాయిదా చెబుతాడనుకున్నాను. కర్ర మీద రెండు చేతులూ పెట్టి, నా ముఖంలోకి చూసి అన్నాడు:

"కాయితం నిజమేనని నాకు ఆ రోజే తెలుసండి. తప్పు మాదే. కానీ పిలిస్తే, పిల్లలు ఆవిడ చేతి అన్నం తింటుంటే రోజూ మూడు పూటలా మా తప్పు మేం చూసుకోవాలి కదండీ. అంత ధైర్యం మాకు లేకపోయింది."